రిస్కు లేని ఖాతా

"మనిషి పుట్టింది ఉద్యోగం చెయ్యడానికి కాదు. ఉద్యోగంలోంచి బయటపడ్డానికి!"

ఈ మహావాక్యం ఏ మహానుభావుడిదా అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నాదే. నీటి సరఫరా ఆఫీసు క్యాంటీన్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర, అరకప్పు టీ చేత్తో పట్టుకుని, పదకొండుమంది సాక్షుల ఎదుట సెలవిచ్చాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు నిండి నెలరోజులు.

ఆ రోజు మా స్టోర్స్ పెద్దాయనకి వీడ్కోలు సభ. అరవయ్యేళ్ళు నిండాయి. పంపుల హోరు మధ్య పనిచేసి చేసి ఆయనకి వినికిడి పోయింది. ఎవరు ఎంత పొగిడినా "ఆ, వచ్చేవారం పంపిస్తా" అంటున్నాడు. అందరం తలా కాస్తా వేసుకుని ఆయనకో గోడగడియారం ఇచ్చాం. రేపట్నుంచి ఏ టైముకీ ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మనిషికి గడియారం ఎందుకో ఎవరూ అడగలేదు. అది చూస్తే నా మనసు కలుక్కుమంది. మనసు కలుక్కుమన్నప్పుడు మనిషన్నవాడు నోరు మూసుకోవాలి. నేను తెరిచాను. యాభై నిండిన రోజున ఈ గేటు దాటిపోతాననీ, మళ్ళీ వెనక్కి తిరిగి చూడననీ ప్రకటించేశాను.

నిజం చెప్పొద్దూ, అందులో వేదాంతం పాలు చాలా తక్కువ. దానికి సరిగ్గా వారం ముందు మా కొనుగోళ్ళ సెక్షన్‌లో సూపరింటెండెంట్ కుర్చీ ఖాళీ అయింది. న్యాయంగా అది నాకు రావాలి. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు, కాగితానికి కన్నం ఏ మూల వెయ్యాలో నా దగ్గర నేర్చుకున్నవాడు, వెళ్ళి అందులో కూర్చున్నాడు. అతన్ని "సార్" అనాల్సి వచ్చినప్పుడల్లా నాకు దగ్గు వచ్చేది. ఆ దగ్గులోనే మాట కలిపేసి రోజులు లాక్కొస్తున్నాను. యాభై ఏళ్ళకి మానేస్తానంటే గౌరవంగా ఉంటుంది, అలిగి మానేస్తానంటే నవ్వుతారు. అదీ సంగతి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. సాయంత్రానికల్లా మూడంతస్తుల ఆఫీసుకీ నా నిర్ణయం తెలిసిపోయింది. నాకు "యాభై గారు" అని పేరు పడింది. మీటరు రీడర్లు మెట్ల మీద కనపడితే పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్ళు. యాభయ్యేళ్ళకే మానేస్తున్నాడంటే వీడి దగ్గర ఎంత మూలుగుతోందో అని వాళ్ళ లెక్క. నేను ఆ లెక్క సరిచెయ్యలేదు. పైగా కాస్త మెల్లగా నడవడం మొదలుపెట్టాను.

మా ఆవిడకి ఈ వార్త నా ద్వారా అందలేదు. ఆవిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు కుడుతుంది. క్యాంటీన్ నడిపే ఆవిడ కర్టెన్ల కోసం వచ్చి, కర్టెన్లతో పాటు నా మహావాక్యం కూడా అప్పజెప్పి వెళ్ళింది. నేను ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ పెడలు ఆపి, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. ఆవిడ కుడిభుజం పట్టుకుని కాసేపు రుద్దుకుంది.

"మంచిదేలెండి. నాకూ ఈ భుజం లాగేస్తోంది. అప్పుడు నేనూ కాస్త ఆపుకోవచ్చు."

"దానికేం భాగ్యం" అన్నాను. "ఇంకెంత, రెండేళ్ళు. ఆ తర్వాత ఇద్దరం హాయిగా ఉందాం."

ఆ "ఇద్దరం" అన్న మాట నేను చాలా ఉదారంగా వాడాను. ఆవిడ నమ్మి మళ్ళీ పెడలు తొక్కడం మొదలుపెట్టింది.

ఇక ప్రణాళిక. నేను కూర్చుని కూడికలు తీసివేతలు చేశాను. ఇల్లు నడవడానికి నెలకు ముప్పై వేలు కావాలి. ఇరవై నాలుగేళ్ళుగా కదపకుండా దాచిన పెద్ద మొత్తం మీద నెలకు పన్నెండు వేలు వస్తాయి. మిగతాదానికీ దారి ఉంది, ఆ వరస కాగితం అడుగున చిన్న అక్షరాల్లో రాశాను. ఇవి కాక, కష్టమొస్తే వెంటనే చేతికందేలా రెండేళ్ళ ఖర్చు విడిగా ఉండాలని ఎక్కడో చదివాను. అదృష్టవశాత్తూ అంత డబ్బూ ఉంది. ఏడు లక్షల ఇరవై వేలు, నా జీతం ఖాతాలో, మూడు శాతం వడ్డీకి, పడుకుని ఉంది. దాన్ని ఎక్కడ ఉంచాలి అన్నదొక్కటే ఇక తేలాల్సిన ప్రశ్న.

ఇంకొకడైతే ఆ వీధి చివర బ్యాంకుకి వెళ్ళి వేసేసి వస్తాడు. నేను కొనుగోళ్ళ సెక్షన్ వాణ్ణి. ఇరవై నాలుగేళ్ళలో నా ఫైలు మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం పడలేదు. ఏమిటి దాని రహస్యం? మూడు కొటేషన్లు! ఏది కొనాలన్నా ముగ్గురి దగ్గర సీలు వేసిన కవరులో ధర తెప్పించాలి, ముగ్గురివీ పక్కపక్కన పెట్టి పట్టిక గియ్యాలి, అప్పుడు నిర్ణయించాలి. కొటేషన్ గడువు ముప్పై రోజులు. మూడింట్లో ఒక్కదానికి గడువు దాటినా మూడూ రద్దు, మళ్ళీ మొదటికి రావాలి. ఒకసారి మా ఆఫీసు వరండాలో పైపు కారుతుంటే కింద పెట్టడానికి బక్కెట్టు కొనాల్సి వచ్చింది. నాలుగు నెలలు పట్టింది. ఈలోపు కారడం దానంతటదే ఆగిపోయింది. బక్కెట్టు వచ్చింది, ఆడిట్ వాళ్ళు చూశారు, మెచ్చుకున్నారు. ఒక బక్కెట్టుకే అంత జాగ్రత్తపడ్డవాణ్ణి, ఏడు లక్షలకి పడనా?

ఇంట్లో ఒక ఫైలు తెరిచాను. అట్ట మీద "నగదు నిల్వ స్థల నిర్ణయం" అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఎర్ర ట్యాగు కట్టాను. బ్యాంకుకి, పోస్టాఫీసుకి, మా ఉద్యోగుల పొదుపు సంఘానికి ఒకే తేదీన ఉత్తరాలు పంపాను. బ్యాంకులో ఉన్నది మా బావమరిదే, మా ఆవిడ తమ్ముడు. ఉత్తరం చేతిలో పట్టుకుని ఇంటికే వచ్చేశాడు.

"బావగారూ, రేట్లు మా గోడ మీద అడుగెత్తు అక్షరాల్లో ఉన్నాయండీ. ఏడు శాతం."

గోడకి సంతకం ఉండదు, తేదీ ఉండదు, రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే గోడని తెచ్చి ఫైల్లో కట్టలేను కదా అని విడమరిచి చెప్పాను. మన సొంత డబ్బుకి ఆడిట్ ఎవరు చేస్తారని అడిగాడు. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళ వల్లే దేశాలు దివాలా తీస్తున్నాయి. చివరికి పోరు పడలేక ఒక కాగితం మీద రాసిచ్చి, కవరు నాలుకతో తడిపి అంటించి, నా ఎదురుగానే సీలు వేశాడు.

సంఘం వాళ్ళది పదోరోజున వచ్చింది. పోస్టాఫీసు జవాబు మాత్రం పోస్టులో వచ్చింది, అందుకని ముప్పై నాలుగు రోజులు పట్టింది. ఆ ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద కవర్లు తెరిచే కార్యక్రమం పెట్టాను. సాక్షి లేకుండా తెరవకూడదు కాబట్టి మా ఆవిడని పిలిచాను. చేతికి సుద్దపొడితో, మెళ్ళో టేపుతో వచ్చి, వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఏ కాగితమూ చదవలేదు. చదివే తీరిక ఎక్కడిది, యూనిఫాంల సీజను. ప్రతి పేజీ అంచున ఆవిడ బొటనవేలి సుద్ద ముద్ర మాత్రం పడింది. తెరిచి చూద్దును కదా, బ్యాంకు కొటేషన్‌కి గడువు దాటి నాలుగు రోజులు. మూడూ రద్దు చేసి ఫైల్లో నోటు పెట్టాను. నాకైతే బాధ కలగలేదు, తప్పు దొరికిందన్న తృప్తి కలిగింది.

రెండో విడతలో బ్యాంకు రేటు మధ్యలో మారింది. మూడో విడతలో సంఘం కార్యదర్శి మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నాడు. సంతకం కోసం వాళ్ళింటికి వెళ్తే, ఆయన మోకాలి కథంతా విని రావాల్సి వచ్చింది గానీ, సీలు ఆఫీసులో ఉండిపోయింది. నాలుగో విడతకి రెండు కొటేషన్లే వచ్చాయి. నిబంధన ప్రకారం మూడుండాలి. గత్యంతరం లేక మా ఇంటి బీరువా తరఫున నేనే ఒక కొటేషన్ రాశాను. వడ్డీ: లేదు. తీసుకునే సౌకర్యం: ఇరవై నాలుగు గంటలూ. షరతు: తాళంచెవి దొరకవలెను. ఇంకా నయం, బీరువాకి ఎక్కువ మార్కులు రాలేదు. అయిదో విడతలో పోస్టాఫీసు వాళ్ళు కవర్లో నా ఉత్తరాన్నే పెట్టి తిప్పి పంపారు. ఆరూ ఏడూ ఎందుకు రద్దయ్యాయో ఇప్పుడు నాకే గుర్తు లేదు, ఫైలు చూసి చెప్పాలి.

ఇలా ఇరవై నెలలు గడిచాయి. ఈ ఇరవై నెలలూ ఆఫీసులో నా వైభోగం చెప్పనలవి కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. మధ్యాహ్నం టీ వేళకి నా బల్ల చుట్టూ జనం. డబ్బు ఎక్కడ దాచుకోవాలని అడిగేవాళ్ళు. డబ్బుకి మూడు లక్షణాలుండాలి, పోకూడదు, పెరగాలి, పిలిస్తే పలకాలి అని సెలవిచ్చేవాణ్ణి. నా మాట విని వాల్వులు తిప్పే ఆయన తన డబ్బు ఆ రోజే బ్యాంకులో వేసేశాడు. డ్రైవరు పోస్టాఫీసులో వేశాడు. క్యాంటీన్ ఆవిడ సంఘంలో సగం, బ్యాంకులో సగం వేసింది. అందరికీ బాగానే పెరుగుతోంది. మీరెక్కడ వేశారండీ అని ఎవరైనా అడిగితే చిన్నగా నవ్వేవాణ్ణి. ఆ నవ్వుకి వాళ్ళు ఏవేవో పెద్ద అర్థాలు తీసుకునేవాళ్ళు. నా డబ్బు మాత్రం జీతం ఖాతాలో మూడు శాతానికి నిద్రపోతూనే ఉంది.

ఇంట్లో మా ఆవిడ మధ్యమధ్యలో రెండేళ్ళెప్పుడవుతాయని అడిగేది. రాత్రి భుజానికి వేడినీళ్ళ సంచి పెట్టుకునేది. కుడిచెయ్యి పైకెత్తలేక ఎడంచేత్తో దువ్వుకోవడం నేను చూశాను. చూశాను గానీ నా పని నాకుంది, ఏడో విడత కవర్లకి గోరంత లక్క తక్కువైంది.

యాభై నిండడానికి మూడు నెలల ముందు దరఖాస్తు ఇవ్వాలి. ఇచ్చాను. మామూలుగా ఇవ్వలేదు, మూడంతస్తులూ తిరిగి అందరికీ చూపించి ఇచ్చాను. అది నేరుగా మా అకౌంట్స్ ఆఫీసరు బల్ల మీదికి వెళ్ళింది. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరూ "అభ్యంతరం గారు" అనే అంటారు. ముప్పై ఏళ్ళలో ఏ కాగితాన్నీ మొదటిసారి పాస్ చెయ్యలేదాయన. ఆయన జీతం బిల్లు మీద ఆయనే అభ్యంతరం రాసి రెండు వారాలు జీతం లేకుండా ఉన్నాడని చెప్పుకుంటారు. నా దరఖాస్తు కింద ఎర్రసిరాతో రాశాడు: తొమ్మిదో గడి, విరమణ తర్వాత జీవనాధారం, ఖాళీగా ఉన్నది. వివరాల పట్టిక జతచేసి, భార్య చదివి అంగీకరించినట్టు సంతకం పెట్టించి తేవలెను.

ఎనిమిదో విడత పట్టిక సిద్ధంగానే ఉంది. ఈసారి మూడు కొటేషన్లూ గడువులోనే వచ్చాయి, ఈ ఫైలుకి అదే మొదటిసారి. దాని కిందే నా పాత లెక్కలోని ఆదాయాల వరసలు ఎక్కించి, జతచేద్దామని శనివారం మధ్యాహ్నం ముందుగదిలోకి వెళ్ళాను. మా ఆవిడ చొక్కాలకి కాజాలు తీస్తోంది. ఎప్పట్లాగే వేలు పెట్టి, ఇక్కడొకటి, ఇక్కడొకటి అన్నాను.

"ఉండండి" అంది. "కొత్త కళ్ళద్దాలు వచ్చాయిగా. అక్షరాలు ఎలా కనపడతాయో చూద్దాం."

సూదిలో దారం ఎక్కడం లేదని నాలుగురోజుల కిందటే కళ్ళద్దాలు మార్పించుకుంది. అవి పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. నేను గర్వంగానే నిలబడ్డాను. ఎంతైనా ఇరవై నెలల కృషి! బ్యాంకు, ఏడు శాతం, రిస్కు: కొద్దిగా. పోస్టాఫీసు, ఆరుంబావు, రిస్కు: అతి కొద్దిగా. సంఘం, ఏడున్నర, రిస్కు: కార్యదర్శి మోకాలు. అక్కడికి నవ్వింది. తర్వాత వేలు ఇంకా కిందికి జారింది.

"ఇతర ఆదాయం. నెలకు పద్దెనిమిది వేలు. కాలపరిమితి: నిరవధికం. రిస్కు: లేదు."

కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది.

"ఏడు లక్షలు పోస్తామన్నా వీళ్ళెవరూ రిస్కు లేదని రాసివ్వలేదే. పైసా వెయ్యకుండా నెల నెలా పద్దెనిమిది వేలిచ్చే ఇది ఏ బ్యాంకండీ?"

అటు చూశాను, ఇటు చూశాను. గదిలో నేనూ, ఆవిడా, మిషనూ తప్ప ఎవరూ లేరు.

"అది... నీ మిషను" అన్నాను.

"మిషనా, నేనా?"

నిరవధికం అంటే ఎప్పటిదాకా అని అడిగింది. గడువంటూ ఉండదని అర్థం చెప్పాను. చెబుతుంటేనే ఆ అర్థం నాకూ మొదటిసారి తెలిసింది. నాకు యాభయ్యేళ్ళకి విశ్రాంతి, ఆవిడకి గడువే లేదు. క్యాంటీన్‌లో పదకొండుమంది ముందు గేటు దాటిపోతానన్న మగధీరుణ్ణి, నేను దాటబోయేది మా ఆవిడ భుజం మీద కాలు పెట్టి! సిగ్గేసింది. ఉత్తుత్తి మాటకి అనడం కాదు, నిజంగానే చచ్చేంత సిగ్గేసింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. కాజాల చొక్కా మడిచి పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం ఇమ్మంది. దరఖాస్తు ఎలా రాస్తారని అడిగింది. సిగ్గు ఒక పక్క చంపేస్తున్నా అలవాటు ఊరుకుంటుందా? ఎడంపక్క ఎవరి నుంచి, ఎవరికి, మధ్యలో విషయం, కింద తేదీ అని టకటకా చెప్పేశాను. ఆవిడ సుద్ద చేత్తోనే రాసి నా చేతికిచ్చింది.

విషయం: ముందస్తు పదవీ విరమణ. పదిహేడో ఏట మిషను ఎక్కాను. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. సెలవులు వాడుకోలేదు. కుడిభుజం ఇక పనిచెయ్యనంటోంది. మూడు నెలల నోటీసు ఇస్తున్నాను. ఒప్పుకున్న యూనిఫాంలు పూర్తిచేసి మిషను మూసేస్తాను.

"ఇన్‌వర్డ్ నంబరు వెయ్యండి" అంది. "నా సర్వీసు మీదానికన్నా అయిదేళ్ళు ఎక్కువ. సీనియారిటీ ప్రకారం ముందు నాది చూడాలి."

అంత అవమానంలోనూ నా నోట్లోంచి వచ్చిన మాటేమిటో తెలుసా? జీవనాధారం గడి నింపలేదు కదా, అని! ఆవిడ లేచి బొత్తాల డబ్బా తెచ్చింది. బొత్తాల అడుగునుంచి ఒక పాస్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది. పదకొండేళ్ళుగా నెలకు నాలుగువేల చొప్పున వేస్తూ వచ్చింది. వడ్డీతో కలిపి ఏడు లక్షల నలభై అయిదు వేలు. నాకన్నా ఇరవై అయిదు వేలు ఎక్కువ. అప్పుడు అర్థమైంది, ఆవిడ సంపాదించేది ఇరవై రెండు వేలనీ, నా పట్టికలో పద్దెనిమిదన్నది ఇంటికి ఇచ్చేది మాత్రమేననీ. నా జీవితంలో ఆడిట్ అభ్యంతరం పడాల్సిన తప్పు అదొక్కటే, అది నా ఇంట్లోనే జరిగింది.

"ఎన్నిచోట్ల కనుక్కున్నావు?" అని అడిగాను.

"ఎక్కడా కనుక్కోలేదు. దారాల కొట్టుకి వెళ్తుంటే వాన పట్టుకుంది. తడుస్తానని బ్యాంకులోకి వెళ్ళాను. వాన తగ్గేలోపు ఖాతా తెరిచిచ్చారు."

అది మా బావమరిది బ్యాంకే. అంటే ఈ ఇరవై నెలలూ వాడికి తెలుసు. నా ఎనిమిది కవర్లకీ సీలు వేస్తూ కూడా ఒక్కమాట అనలేదు. నువ్వైనా నాకెందుకు చెప్పలేదని అడిగితే, మీరెప్పుడూ అడగలేదుగా, మీ ఫైల్లో దానికి గడి లేదుగా అంది. తర్వాత చాలా మామూలుగా, మీ డబ్బు ఇరవై నెలలు మూడు శాతానికి పడుండటం వల్ల ఎంత పోయిందో లెక్క చెప్పమంది. చెప్పాను. నలభై ఎనిమిది వేలు. ఆవిడ టేపు చివర వేలికి చుట్టుకుంటూ మనసులోనే భాగించింది.

"యూనిఫాంకి నూటయాభై. మూడొందల ఇరవై యూనిఫాంలు" అని, భుజం రుద్దుకుంటూ మళ్ళీ కాజాలకి కూర్చుంది.

ఆ రాత్రి వేడినీళ్ళ సంచి నేనే నింపి ఇచ్చాను. అది పెద్ద ఘనకార్యం కాదని నాకూ తెలుసు.

సోమవారం పొద్దున్నే దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసుకుని అభ్యంతరం గారి ముందు నిలబడ్డాను. ఆయన ఎర్రసిరా కలం తీసి, ఉత్తరం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. కలం మూసేశాడు. "నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. పక్కబల్లల వాళ్ళు పని ఆపి చూశారు. నా ఉద్యోగం నన్ను వదలకుండా ఉండటానికి మాత్రం ఎవరి అడ్డూ లేకపోయింది.

మా సూపరింటెండెంట్ సంతకం కూడా కావాలి. వెళ్ళి "సార్" అన్నాను. దగ్గు రాలేదు. అతను లేచి నిలబడి, మీరు లేకపోతే ఈ సెక్షన్ ఎలా నడుస్తుందా అని నెల్నాళ్ళుగా దిగులు పడుతున్నానండీ అన్నాడు. మంచివాడే పాపం. ఇరవై నెలలు ఊరికే దగ్గాను.

మిగిలింది క్యాంటీన్. కిటికీ పక్క బల్ల దగ్గర అందరూ కాచుకుని ఉన్నారు. యాభై గారు ఎప్పుడు వెళ్తున్నారని వాల్వులాయన అడిగాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే సరిపోయేది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? గొంతు సవరించుకుని, మా కుటుంబం ముందస్తు పదవీ విరమణ ప్రణాళిక దిగ్విజయంగా పూర్తయిందని ప్రకటించాను. మాటల్లో అబద్ధమేమీ లేదు. టీ గ్లాసులు సర్దుతున్న క్యాంటీన్ ఆవిడ తలెత్తకుండా, "అవునట, అమ్మగారు మానేస్తున్నారట, నా మిగతా కర్టెన్లు తొందరగా ఇచ్చెయ్యమన్నారు" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ముందు నా మొహం చూశారు, తర్వాత నవ్వారు. ఆ మర్నాటి నుంచి నా పేరు "అరవై గారు".

మూడు నెలల తర్వాత మా ఆవిడ ఆఖరి యూనిఫాంకి ఆఖరి బొత్తాం కుట్టి, మిషనుకి నూనె వేసి, గుడ్డ కప్పేసింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకి తీసుకెళ్ళింది. నా ఏడు లక్షల ఇరవై వేలూ అందులో వెయ్యడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. అందులో నాలుగు నిమిషాలు మా బావమరిది నా మొహం చూడకుండా నవ్వు ఆపుకోవడానికి పట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రసీదు మాత్రం అడక్కుండానే సీలు వేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక ఆవిడ నా ఫైలు బయటికి తీయించింది. ఎర్ర ట్యాగు విప్పి, కొత్త కాగితం మీద పట్టిక గీసింది. తన పాస్‌బుక్కు మొత్తం రాసింది, నా రసీదు మొత్తం రాసింది. అడుగున ఒక వరస చిన్న అక్షరాల్లో రాసి, వేలు పెట్టి చూపించి, సాక్షి సంతకం ఇక్కడ అంది.

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. జన్మలో మొదటిసారి, ఇంట్లో ఒక కాగితం సాక్షిగా చదివాను.

ఇతర ఆదాయం: ఆయన జీతం. కాలపరిమితి: పదేళ్ళు. రిస్కు: ఉంది. మనిషిని క్యాంటీన్‌లో మాట్లాడకుండా చూసుకోవాలి.

రెండుసార్లు చదివి, సంతకం పెట్టాను.